బాగైనవని గోలీ ఆపమని చెప్పింది మేమే
(సమాఖ్య వార్షిక మహాసభలో మన్నెగూడ సంఘం తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడు మేం ఇక్కడ నిలబడి చదివేది ఒక్క తీరుగనే ఉంటది. పొదుపు ఇంత, తీసుకున్న అప్పు ఇంత, కట్టిన కిస్తీలు ఇన్ని అని. ఆ లెక్కలు ఈసారి పుస్తకంలో వేరే పేజీల ఉన్నయి, చూసుకోండి. ఆరోగ్యం గురించి ఏదైనా ఒక సంఘం మాట్లాడాలని సమాఖ్య అడిగినప్పుడు మేం చెయ్యి లేపినం. మేం డాక్టర్లం కాదు. మాలో ఎక్కువ చదివినామె పదో తరగతి. కానీ ఒక జబ్బు గురించి, ఒక గోలీ గురించి తప్పులు చేసి నేర్చుకున్నం. ఆ తప్పులు మీ సంఘాలల్ల జరగొద్దని చెప్పుకుంటున్నం.

జబ్బు పేరు బైపోలార్. గోలీ పేరు లిథియం.

ఇది మా సంఘంలో ఒక చెల్లె ముచ్చట. పేరు చెప్పం. ఆమె ఈ సభలోనే కూసున్నది, ఎవరా అని అటు ఇటు చూడొద్దు. ఈ కాగితం రాసినంక ముందు ఆమెకే చదివి వినిపించినం. రెండు మాటలు తీసెయ్యమన్నది, తీసేసినం. ఒక మాట కలపమన్నది, అది చివరికి చెప్తం.

2022 దసరా అయినంక మొదలైంది. ఆమె మిషన్ కుడతది. జాకెట్లు, చీరల ఫాల్స్. ఎప్పుడూ నెమ్మదిగ ఉండే మనిషి. అట్లాంటిది పది దినాలు సరిగ్గ పండుకోలేదు. రాత్రంతా మిషన్ చప్పుడే. తెల్లారితే అలసట అన్నదే లేదు. మాట్లాడితే ఆగకపోయేది, ఒక ముచ్చట పూర్తి కాకముందే ఇంకో ముచ్చట. పెద్ద దుకాణం పెడ్త, ఇరవై మందికి పని ఇస్త అన్నది. మాకు తలా ఒక చీర తెచ్చి పంచింది. బ్యాంకు లింకేజీల వచ్చిన పైసల నుంచి 50 వేలు తీసుకపోయి ఒక ప్లాటుకు టోకెన్ కట్టింది.

మేం సంబురపడ్డం. చూడు, ఎంత ఉషారు వచ్చిందో అన్నం. మా ఊరు సాగర్ రోడ్డు మీద ఉన్నది. ఔటర్ రింగు రోడ్డు పడ్డంక చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయినయి. ఇక్కడ ఎవరన్న ప్లాటుకు టోకెన్ కట్టిన అంటే తెలివిగల్లదని మెచ్చుకుంటరు గాని జబ్బు చేసిందని అనుకోరు. చీరలు కూడ తీసుకున్నం. ఇన్ని పైసలు ఎక్కడివి అని ఒక్కరం అడగలేదు.

సంక్రాంతి దాటినంక ఆమె మంచం పట్టింది. పెయ్యి మీద జ్వరం లేదు, ఏం లేదు. లేవదు, తినదు, తల దువ్వుకోదు. పిల్లలు పిలిచినా పలకదు. ప్లాటు టోకెన్ మునిగింది. కిస్తీ ఆగింది. ఒక్క కిస్తీ ఆపని సంఘమని మాకు పేరు ఉండె. ఆ పేరు పోతదని మాకు భయమైంది. పోయి ఆమె ఇంటి ముంగట కూసున్నం. ఎగ్గొట్టనీకి నాటకం ఆడుతున్నదని ఆమె వినంగనే అన్నం. 2023 ఫిబ్రవరి మీటింగుల ఆమెను సంఘం నుంచి తీసెయ్యాలని తీర్మానం రాసుకున్నం. ఆ పేజీ మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ ఉన్నది. మేం చింపలేదు.

ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నరు, బాణామతి అన్నరు. తాయెత్తు కట్టించినరు. మొక్కులు మొక్కినరు. మొక్కుడు తప్పని మేం అనం, మేం కూడ మొక్కుతం. కానీ మూడు నెలలు పోయినయి. చివరికి ఆశక్క చెప్తే నగరంలో ఒక దవాఖానకు తీసుకపోయినరు. అక్కడ జబ్బు పేరు చెప్పి లిథియం మొదలుపెట్టినరు. రెండు మూడు నెలలల్ల మనిషి మనిషయింది. మళ్ల మిషన్ మీద కూసున్నది.

ఇగ మా రెండో తప్పు. గోలీ వేసుకున్నప్పటి నుంచి ఆమెకు దూప ఎక్కువయింది, ఊకె మూత్రానికి పోవాల్సి వచ్చేది. చేతివేళ్లు సన్నగ వణికేవి. సూదిల దారం ఎక్కించనీకి తిప్పలయ్యేది. 2023 దీపావళి ముంగట మీటింగుల ఆమె ఈ బాధ చెప్పుకున్నది. మేమేమన్నం? 'బాగైనవు గదా, ఇంక ఎందుకు ఆ గోలీలు? ఇన్ని దినాలు వేసుకుంటే కిడ్నీలు పోతయి, ఆపెయ్' అన్నం. ఒకామె ఇంకో మాట అన్నది, 'లిథియం అంటే సెల్‌ఫోన్ బ్యాటరీల ఉండేదే గదా, అది కడుపులకు ఎట్ల మింగుతవు?' అని. అందరం నవ్వినం. ఆమె మా మాట విని ఆపేసింది.

రెండు నెలలకు జబ్బు తిరిగొచ్చింది, ముందుకంటె గట్టిగ. 2024 జనవరిల ఒక దినం ఇల్లు విడిచి పోయింది. రెండు దినాలు వెతికినం. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద ఒంటరిగ కూసోని దొరికింది. దీని గురించి ఇంతకంటె చెప్పం.

గోలీ మళ్ల మొదలైంది. ఈసారి ఆపనియ్యలేదు. కానీ గోలీ ఆపకుంటే సరిపోతదనుకున్నం, అది మా మూడో తప్పు. 2024 మే నెల ఎండలల్ల ఆమెకు విరేచనాలు పట్టుకున్నయి. నీళ్లు తాగితే ఎక్కువైతయని నీళ్లు తగ్గించింది. మోకాళ్లు గుంజుతున్నయంటే మాలో ఒకామె తన దగ్గర ఉన్న నొప్పి గోలీలు ఇచ్చింది. నాలుగు దినాలు అవి, లిథియం కలిపి వేసుకున్నది. ఐదో దినం నడుస్తుంటే తూలింది. మాట ముద్దముద్దగ వచ్చింది. చేతులు సన్నగ కాదు, గిన్నె పట్టుకోరానంత వణికినయి. వాంతులు. గల్లీల వాళ్లు కల్లు తాగిందన్నరు. అదృష్టం బాగుండి ఆశక్క చూసి 108కు ఫోన్ చేసింది. రక్తంలో లిథియం విషమయ్యేంత పెరిగిందని దవాఖానల చెప్పినరు. ఆరు దినాలు ఉంచుకున్నరు. బతికింది.

ఆ ఆరు దినాలు మేం వంతులేసుకోని దగ్గర ఉన్నం. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూసోబెట్టి, మాకు అర్థమయ్యే తీరుగ అన్నీ చెప్పింది. ఆమె చెప్పింది, ఆ తర్వాత మేం అడిగి తెలుసుకున్నది, వరుసగ చెప్తం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటిది జబ్బు సంగతి. బైపోలార్‌ల మనసు రెండు కొసలకు పోతది. ఒక కొసకు పోతే నిద్ర అక్కరలేదు, మాట ఆగదు, పైసలు నీళ్లలెక్క ఖర్చయితయి, నన్ను మించినోళ్లు లేరనిపిస్తది. ఇంకో కొసకు పోతే అంతా చీకటి, బతుకు మీద ఆశ ఉండదు. నడుమ నెలల తరబడి, ఏండ్ల తరబడి మంచిగ కూడ ఉంటరు. ఇది పొగరు కాదు, బద్ధకం కాదు, దయ్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటది. మన సంఘాలు ఒక్కోటి పది మంది అనుకున్నా, ఇరవై సంఘాలకు ఒకామె. ఈ హాలులనే ఎందరున్నరో మీరే లెక్క వేసుకోండి.

రెండోది గోలీ సంగతి. లిథియం ఒక లోహం. బ్యాటరీల వాడేది, గోలీల ఉండేది ఒక్కటే మూలం, ఆ మాట నిజమే. కానీ గోలీల ఉండేది లిథియం కార్బొనేట్ అనే లవణం, కొలిచి ఇచ్చేది. 1949ల ఆస్ట్రేలియాల జాన్ కేడ్ అనే డాక్టరు ఈ జబ్బుకు ఇది పని చేస్తదని రాసిండు. అంటే 75 ఏండ్లు దాటింది. మన దేశం అత్యవసర మందుల పట్టికల కూడ ఉన్నది. ఇది జబ్బును మళ్లమళ్ల రాకుండ ఆపుతది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనతో పోయే ప్రాణాలను కూడ తగ్గిస్తదని డాక్టర్లు చెప్తరు. అందరికీ ఇదే గోలీ ఇయ్యరు, వేరే మందులు కూడ ఉన్నయి. ఎవరికి ఏది అన్నది డాక్టరు చూసి చెప్తడు.

మూడోది, బాగున్నప్పుడే ఆపొద్దు. జ్వరం గోలీ జ్వరం తగ్గితే ఆపుతం. ఇది అట్లాంటిది కాదు, బీపీ గోలీ లెక్క. బాగున్నది గోలీ వేసుకుంటున్నందుకే. ఒక్కసారిగ ఆపితే జబ్బు తిరగబెట్టే భయం ఇంకా ఎక్కువ. చెయ్యి వణికినా, బరువు పెరిగినా డాక్టరుకు చెప్పాలె. మా చెల్లెకు మోతాదు కొంచెం తగ్గించినరు, వణుకుడు తగ్గింది. ఇది ముందే అడిగి ఉంటే సరిపోయేది. మేం ఆపమన్నం గాని, పోయి అడుగుదాం పా అనలేదు.

నాలుగోది రక్తపరీక్ష. తొక్కు పెట్టేటప్పుడు ఉప్పు తక్కువైతే బూజు పడతది, ఎక్కువైతే నోట్ల పెట్టలేం. లిథియం కూడ అంతే. రక్తంల తక్కువుంటే పని చెయ్యదు, ఎక్కువైతే విషం. నడుమ జాగ చాన చిన్నది. మామూలుగ 0.6 నుంచి 1.0 నడుమ ఉండేటట్టు చూస్తరు. 1.5 దాటితే ప్రమాదం. నోట్ల వేసి చూస్తే తెలిసేది కాదు, సీరం లిథియం అనే పరీక్ష చెయ్యాలె. మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు వారం దినాలకు, అంతా కుదిరినంక డాక్టరు చెప్పినట్టు మూడు నెలలకో ఆరు నెలలకో. రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు రక్తం ఇయ్యాలె. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. పొద్దుటి గోలీ ఉంటే రక్తం ఇచ్చినంకనే వేసుకోవాలె. ముందే వేసుకోని పోతే లెక్క తప్పొస్తది.

దీనితో పాటు కిడ్నీల పరీక్ష, థైరాయిడ్ పరీక్ష కూడ చేయించాలె. లిథియం కొందరికి థైరాయిడ్ తగ్గిస్తది. ఏండ్ల తరబడి వాడితే కొందరికి కిడ్నీల మీద పడొచ్చు. కిడ్నీలు పోతయని మేం భయపెట్టినం గదా, ఆ భయానికి జవాబు గోలీ ఆపుడు కాదు, పరీక్ష తప్పకుండుడు.

ఐదోది ఉప్పు, నీళ్లు. మన కిడ్నీ లిథియాన్ని ఉప్పు లెక్కనే చూస్తది. పెయ్యిల నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీ ఉప్పును బయటికి పోనియ్యదు, దానితో పాటు లిథియాన్ని కూడ పట్టుకుంటది. అట్ల రక్తంల పెరుగుతది. అందుకే ఎండల కూలికి పోయేవాళ్లు, కట్టుబడి పనికి పోయేవాళ్లు, హాస్టళ్ల వంటల పొయ్యి కాడ నిలబడేవాళ్లు నీళ్ల సీసా విడవొద్దు. ఉప్పు ఎప్పుడు తిన్నంతే తినాలె. ఎవరో చెప్పినరని ఒక్కసారిగ ఉప్పు మానెయ్యొద్దు. ఒక్కపొద్దులు, రోజాలు ఉండేవాళ్లు ముందుగాల డాక్టరును అడగాలె. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం వస్తే అదే దినం డాక్టరుకు ఫోన్ చెయ్యాలె.

ఆరోది వేరే గోలీలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు లిథియాన్ని రక్తంల పెంచుతయి. బీపీకి ఇచ్చే కొన్ని గోలీలు, మూత్రం ఎక్కువ పోనీకి ఇచ్చే గోలీలు కూడ అంతే. నొప్పి ఉంటే, జ్వరముంటే మామూలుగ పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, మెడికల్ షాపుకు పోయినా మొదటి మాట 'నేను లిథియం వాడుతున్న' అనే చెప్పాలె. మన దగ్గర ఒక అలవాటు ఉన్నది, నాకు తగ్గింది నువ్వు కూడ వేస్కో అని గోలీ పంచుకుంటం. ప్రేమతోనే ఇస్తం. మా చెల్లెకు ఇచ్చినామె కూడ ప్రేమతోనే ఇచ్చింది. ఆ దినం నుంచి మా సంఘంల ఎవరం ఎవరికీ గోలీ ఇయ్యం.

ఏడోది, విషమైందని ఎట్ల గుర్తుపట్టాలె. వాంతులు, విరేచనాలు, చేతులు గట్టిగ వణుకుడు, తూలుడు, మాట ముద్ద అయ్యుడు, మత్తుగ పండుడు. ఇవి కనపడితే ఇంకో గోలీ వెయ్యకుండ వెంటనే దవాఖానకు తీసుకపోవాలె, 108 పిలవాలె. తాగిందనుకోని వదిలేస్తే ప్రాణం పోతది. ఇంకోటి, ఒక పూట గోలీ మరిచిపోతే మళ్లపూట రెండు కలిపి వెయ్యొద్దు.

ఎనిమిదోది ఆడవాళ్లకు ముఖ్యం. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందుగాలనే డాక్టరుతో మాట్లాడాలె. మొదటి నెలలల్ల లిథియం వల్ల బిడ్డ గుండెకు కొంచెం ప్రమాదం ఉండొచ్చు. అట్లని నెల తప్పంగనే భయపడి సొంతంగ ఆపితే తల్లికి జబ్బు తిరగబెడతది. కాన్పు అయినంక అయితే ఆ భయం ఇంకా ఎక్కువ. పాలిచ్చే సంగతి కూడ అడిగే చెయ్యాలె. రెండు దిక్కులా చూసి డాక్టరే దారి చెప్తడు.

ఇగ మేం ఏం చేసినమో చెప్తం. 2024 జూన్ మీటింగుల పాత తీర్మానం రద్దు చేసి కొత్తది రాసినం. ఆమె ఆగిన కిస్తీలు బ్యాంకుతో మాట్లాడి చిన్న చిన్న కిస్తీలు చేసినం. చీరలు వెనకకు ఇస్తమన్నం, ఆమె తీసుకోలేదు. ఆమె పొదుపు పుస్తకంలో ఒక కాగితం పెట్టినం. ఏ గోలీ, ఎంత, మళ్ల రక్తపరీక్ష ఎప్పుడు, ఏ గోలీలు కలపొద్దు అన్నది తెలుగుల రాసి ఉన్నది. పరీక్షకు పోయినప్పుడు మాలో ఒకరం తోడు పోతం.

ఆమె సొంతంగ ఇంకో మాట రాయించింది. రెండు రాత్రులు నిద్ర లేకపోతే మాలో ఫలానా ఆమెకు చెప్తనని, ఆ దినాలల్ల పెద్ద పైసలు తీయాలంటే ఆమెను అడిగే తీస్తనని. ఇది మేం పెట్టిన షరతు కాదు, ఆమె బాగున్నప్పుడు ఆమె పెట్టుకున్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టంల కూడ ఇట్లాంటి హక్కు ఉన్నది. జబ్బు చేస్తే నాకు వైద్యం ఎట్ల చెయ్యాలె, నా తరఫున ఎవరు మాట్లాడాలె అన్నది బాగున్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు.

ఎక్కడికి పోవాలె అని అడుగుతరు. 14416 టెలి మానస్ నంబరు. 2022 అక్టోబరుల మొదలైంది, పైసలు పడవు, రాత్రి పగలు తెలుగుల మాట్లాడతరు. సర్కారు పెద్ద మానసిక దవాఖాన ఎర్రగడ్డల ఉన్నది. మా దిక్కు నుంచి ఎల్బీనగర్ దాక బస్సుల జీరో టికెట్, అక్కడి నుంచి ఒక్కటే మెట్రో, ఎర్రగడ్డ స్టేషన్ల దిగుడే. ఎర్రగడ్డ అంటే తిట్టు మాట లెక్క వాడుతం మనం. 'దాన్ని ఎర్రగడ్డకు తోలాలె' అని మేం కూడ అన్నోళ్లమే. ఆ మాట విని ఎంతమంది అక్కడికి పోవనీకి సిగ్గుపడి ఇంట్లనే ఉండిపోయిన్రో మనకు తెల్వదు.

సమాఖ్యకు మా విన్నపాలు రెండు. ఒకటి, కిస్తీ ఆగిన సభ్యురాలి ఇంటి ముంగట కూసునే ముందు, ఆమె ఎట్ల ఉన్నది, నిద్ర పోతున్నదా, తింటున్నదా అని ఒక్కసారి అడగాలని అన్ని సంఘాలకు చెప్పండి. రెండోది, లిథియం వాడేవాళ్ల కోసం మేం రాసుకున్న కాగితం లాంటిది ఒకటి డాక్టరుతో సరిచూపించి తెలుగుల అచ్చు వేయించండి. ఒక్క పేజీ చాలు. అది మాకు 2023ల దొరికి ఉంటే ఆ చెరువు కట్ట, ఆ ఆరు దినాలు ఉండకపోవు.

ఈ ఏడు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిల మా చెల్లె కూడ ఉన్నది. సూదిల దారం ఎక్కించనీకి ఒక్కోసారి పక్కనున్నామెను పిలుస్తది, అంతే.

ఇగ ఆమె కలపమన్న మాట. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసినం: "నేను గట్టిగ నవ్వినా, కోపం చేసినా 'గోలీ ఏసుకున్నవా' అని అడగకుండ్రి. కోపం మీకూ వస్తది. నిద్ర పట్టిందా అని అడుగుండ్రి, చెప్త."